గంపలమెట్ట తీర్మానం

రోలుగుంట మండలం,
7-9-2003, ఆదివారం.

దేవుళ్లు బావకు,

నీ మరదలు ఝాన్సీ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ దుర్గా అత్తమ్మా క్షేమం, జైల్లో నువ్వూ క్షేమమని తలుస్తున్నాను. ఈ మాటలు లేనిదే ఉత్తరం మొదలుపెట్టకూడదని హైస్కూల్లో తెలుగు మాస్టారు నేర్పారు కాబట్టి రాశాను. ఎనిమిది నెలలుగా ప్రతి ఉత్తరంలోనూ ఇదే అబద్ధం రాసి రాసి నాకు విసుగొచ్చింది. ఈ ఉత్తరంలో అబద్ధం ఇదొక్కటే. దీని కింద ఉన్నదంతా నిజం. కూర్చుని చదువు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. దుర్గ బడికి వెళ్తోందా అని అడిగావు. వెళ్తోంది, వెళ్లి కొట్లాడి వస్తోంది. పోయిన వారం ఒక పిల్లాడు, "మీ నాన్న మనిసిని నరికీసినాడంట కదేటి" అన్నాడట. మన గుంట, నీ కూతురే కదా, వాడి చెవి కొరికేసింది. నెత్తురు కారేదాకా వదల్లేదట. మాస్టారు నన్ను పిలిపించి నలుగురిలో చివాట్లు పెట్టారు. ఇంటికి తెచ్చి రెండు వాయించాను. అది ఏడవలేదు. నా మొహంలోకి చూస్తూ, "నాన్న నరికినాడా, నరకలేదా? అది సెప్పు ముందు" అంది. ఆరేళ్ల పిల్లని మళ్లీ కొట్టాను. ఆ దెబ్బ తప్పని కొడుతుండగానే తెలుసు నాకు.

జీడితోట ఎలా కాసిందన్నావు. మంచుకి పూత మాడిపోయిందని వేసవిలో రాశాను గుర్తుందా? పూత బాగానే నిలిచింది బావా. పిక్క దిగే వేళకి ట్రాక్టరు మీద క్వారీ మనుషులు పదిమంది వచ్చి, మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా మొదళ్లంటా నరికేశారు. అత్తమ్మ ఒక చెట్టుని వాటేసుకుంది. ఆవిడని జుట్టు పట్టి ఈడ్చి గట్టు మీద పడేశారు. "కొడుకు జైల్లో ఉన్నా పొగరు తగ్గలేదేటే ముసల్దానా" అన్నాడొకడు. నేను కొడవలి పట్టుకుని పరిగెత్తేసరికి నవ్వుకుంటూ ట్రాక్టరెక్కారు. ఆవిడ తుంటి ఎముక చిట్లిందన్నారు, ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తోంది. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు గట్టున పెట్టేశాను.

పక్కింటి అప్పలకొండ తాత చెయ్యి బాగుపడిందా అన్నావు. తాత పోయాడు. ఆగస్టు పన్నెండున. సుత్తి కింద నలిగిన మూడు వేళ్లూ ఎండిపోయి అలాగే ఉండిపోయాయి, కానీ చంపింది అవి కాదు. తలకి తగిలిన దెబ్బ లోపల ఇన్నాళ్లూ పని చేస్తూనే ఉందట. జూలై నుంచి మూర్ఛలు పట్టుకున్నాయి. నలుగురు మగాళ్లు పట్టుకున్నా మంచం మీద ఎగిరెగిరి పడేవాడు. నాలుక కొరికేసుకునేవాడు. పోయే ముందు రోజు కాస్త తెలివొస్తే నన్ను పిలిచి, "కాపలా కర్ర ఎవురింటి కాడుందే?" అన్నాడు. జోగులు ఇంటి దగ్గరుందని చెప్పాను. "సరే, ఆడెల్తాడులే" అని పక్కకి తిరిగి పడుకున్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు.

నీ లాయరు గారిని నర్సీపట్నంలో కలిశాను. బస్‌స్టాండు వెనక ఆయన గదిలో మూడు గంటలు కూర్చోబెట్టాడు. "ఒక్క రాళ్ల గుట్ట కోసం ఇంత గొడవేంటమ్మా? ఎవరి పేర ఉంది అది?" అన్నాడు. ఎవరి పేరా లేదు, సర్కారు భూమి అన్నాను. "మరి మీకేంటి నొప్పి?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు మొదటి నుంచీ చెప్పాను. మూడు వందల ఎకరాల మెట్ట, పదేళ్ల కిందట చూస్తే బోడిగుండు అని. ఊరు వన సంరక్షణ సమితి పెట్టుకుని, నిన్ను ప్రెసిడెంటుని చేసి, నన్ను తీర్మానాల పుస్తకం రాయమని, ఇంటికొక మనిషి చొప్పున కాపలా కాస్తే ఇవాళ అందులోకి వెళ్తే ఆకాశం కనపడదని. పైన రాతిలో చెక్కిన పదకొండు బోర్లించిన గంపలున్నాయని, మన ముత్తాతలకి ముత్తాతలు కూడా వాటిని అలాగే చూశారని, విత్తనం చల్లేముందు ఆడవాళ్లం వాటికి పసుపు రాస్తామని చెప్పాను. పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చి, ఇవి రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధుల స్తూపాలమ్మా, వీటి చుట్టుపక్కల గునపం దింపకూడదు అని నీలం బోర్డు పాతి వెళ్లాడు కదా, అదీ చెప్పాను. లాయరు రాసుకున్నాడు. మొహం చూస్తే నమ్మినట్టు లేడు.

ఇక మన్మథరావు సంగతి. కిందటి ఆదివారం ఆ క్వారీ కాంట్రాక్టరు మన గుమ్మంలోకే వచ్చాడు. దుర్గకి ఆపిల్ పళ్లు తెచ్చాడు. నేను వాటిని పశువుల తొట్లో వేశాను, వాడు చూస్తుండగానే. వాడు మంచం మీద కూర్చుని మెల్లగా మాట్లాడాడు.

"సూడమ్మా, నా బామ్మర్ది పోయినాడు. నా ఇంటిది ఇప్పటికీ అన్నం సరిగ్గా తినదు. అయినా పోయినోడు రాడు కదా. మీ సమితి పుస్తకంలో ఒక్క తీర్మానం రాయించు. మెట్ట మీద రాయి కొడితే మాకు అబ్బెంతరం లేదని, ఆ గంపలు పాతయి కావు, ఈమధ్యన ఎవురో సెక్కినయని. పదిహేనో తారీకున కోర్టులో మా సాచ్చులు ఐదుగురూ, ఎవురు నరికినారో మేం సూడలేదంటారు. దసరాకి నీ మొగుడు ఇంటి కాడుంటాడు."

"నువ్వు సూడలేదు, ఆలూ సూడలేదు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఆ రోజు ఊళ్లోనే లేరు" అన్నాను.

"అందుకే సెప్తన్నాను. ఉన్నామన్నోలు లేమంటారు. బేగి తేల్చు."

ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు బావా. వాళ్ల మీద కోపం తెచ్చుకోకు. మెట్ట మీద ఆశ లేక కాదు, నీ మీద ప్రేమ కొద్దీ ఒప్పుకున్నారు. "రాళ్లు పోతే పోనాయి, దేవుళ్లు రావాల" అన్నాడు జోగులు, ఏడుస్తూ. నేనూ ఒప్పుకున్నాను. పుస్తకం తీసి తారీకు వేసి, "అభ్యంతరం" అనేదాకా రాశాను కూడా. ఆ రాత నీకు చూపించాలంటే సిగ్గేస్తోంది.

ముందు వేలిముద్ర తాత ఇంటి నుంచి పడాలన్నారు. శుక్రవారం పొద్దున్న పుస్తకం, సిరా పెట్టె పట్టుకుని సోమలమ్మ మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. విషయం చెప్పగానే చెయ్యి కడుక్కుని, "దేవుళ్లు వస్తాడంటే ఎయ్యనేటి? రా, ఏలు పట్టు" అని బొటనవేలు చాపింది. ఆ వేలు నా చేతిలోకి తీసుకున్నాను. సిరా పుయ్యలేకపోయాను.

ఇదిగో, మూడు ఉత్తరాల నుంచీ నువ్వు అడుగుతున్నదానికి జవాబు ఇక్కడుంది. ఆ రోజు కాపలా కర్ర మన గుమ్మానికి ఉండాలి కదా, తాత ఒక్కడూ ఎందుకెళ్లాడు అని అడుగుతున్నావు. నువ్వు లెక్క తప్పలేదు. కర్ర మన గుమ్మానికే ఉంది. నేను మార్చాను.

కర్ర ఎవరి గుమ్మానికి ఆనించి ఉంటే ఆ ఇంటి మనిషి మర్నాడు మెట్టెక్కాలి. కాపలా కాసి దిగినవాళ్లే దాన్ని పక్కింటికి చేర్చాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ కట్టుబాటు పుస్తకంలో నా చేత్తోనే రాశాను. కానీ ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి మన చెరకుకి పర్మిట్ వచ్చింది, నువ్వు కోడి కూయకముందే మొదటి బండి తోలుకుపోయావు. నరికే మనుషులు ఆరుగురికి గంజి కాయాలి. దుర్గకి ఒళ్లు కాలిపోతోంది. తెల్లారగానే కర్రని తీసుకెళ్లి తాత గుమ్మానికి ఆనించి వచ్చేశాను. ఎలాగూ మన తర్వాత వంతు ఆయనదే, ఒక్కరోజు ముందైతే ఏమవుతుంది, రేపు నేను వెళ్దాంలే అనుకున్నాను. ముసలాయన ఈమధ్య రోజులు మర్చిపోతున్నాడు, అడగడు అనే ధైర్యం కూడా ఉంది. ఆయన బయటికొచ్చి కర్ర చూసి, దాన్ని అందుకుని తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను.

మామ్మకి ఇదంతా చెప్పాను. ఆవిడ నా చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కొట్టింది. జుట్టు పట్టుకుని నా తలని గుమ్మానికేసి బాదింది, కనుబొమ పగిలి నెత్తురు కంట్లోకి కారింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. అలిసిపోయి పక్కనే కూలబడింది.

"నా మొగుణ్ని నువ్వంపినావు" అంది. "ఆడు సచ్చినాక, ఆడు నెత్తురు కక్కిన మెట్టని ఇచ్చీసి నీ మొగుణ్ని తెచ్చుకుంటావేటే? పేణం మాదీ, బేరం నీదీనా?"

కంట్లోకి కారిన నెత్తురు కొంగుతో తుడుచుకున్నాను.

"ఆ రోజు ఎవురు నరికినారో నాను సూసినాను. కేకలేసి తుప్పల ఎనక్కాల దాక్కున్నాను. ఇన్నాల్లూ నోరు ఇప్పలేదు. నా మొగుడి మీద పడ్డోణ్ని నరికిన సెయ్యి అని నీ సెయ్యిని మనసులో మొక్కుకున్నాను. ఇప్పుడేటి సెయ్యాల ఆ సెయ్యిని?"

ఆ రోజు సంగతి కాగితం మీద పెట్టొద్దని నువ్వు మొదటి ఉత్తరంలోనే హెచ్చరించావు, జైలుకి వచ్చిన ప్రతి ఉత్తరం ముందు వాళ్లు చదువుతారని. చదవనీ. వాళ్లు చదవాలనే రాస్తున్నాను.

జనవరి ఇరవై రెండు, పగలు పదకొండు గంటలకి, తాతకి గంజి పట్టుకెళ్లిన మామ్మ కేకలు వినిపించాయి. చెరకు నరికే కత్తి చేతిలో ఉండగానే మెట్ట మీదకి పరిగెత్తాను. నీలం బోర్డు విరిగి పడుంది. నాలుగు గంపలు అప్పటికే ముక్కలు. గంపలు లేకపోతే బోర్డుకీ పని లేదని, క్వారీకి అడ్డుండదని, అందుకోసం పట్టపగలే వచ్చారు. తాత అయిదో గంప మీద బోర్లా పడి దాన్ని కావలించుకుని ఉన్నాడు. తల పగిలి ఆయన తుండూ ఆ రాయీ ఎర్రగా ఉన్నాయి. మన్మథరావు బామ్మర్ది రమేష్‌బాబు పెద్ద సుత్తి ఎత్తి, "లేత్తావా లెగవా?" అంటూ రాయి మీదున్న తాత చేతి మీద వేశాడు. వేళ్లు విరిగిన చప్పుడు నేను పది గజాల దూరం నుంచి విన్నాను. మిగతావాళ్లు నన్ను చూసి అరిచారు, మన ఊరి మనుషులు ఎక్కి వస్తుంటే జీపు వైపు పారిపోయారు. వాడు మాత్రం రెండోసారి సుత్తి ఎత్తాడు, ఈసారి తల మీదకి.

నేను వాడి భుజం మీద నరికాను. సుత్తి కింద పడింది. వాడు నా వైపు తిరిగి, "ఒద్దు" అన్నాడు. చెయ్యి వేలాడిపోతోంది. వాడి వల్ల ఇంక ఎవరికీ ఏమీ కాదు. అది నాకు తెలిసింది, బావా. తెలిసే రెండో దెబ్బ మెడ మీద వేశాను. మొదటి దెబ్బ తాత కోసం. రెండోదానికి ఎవరి పేరూ చెప్పలేను. పొద్దున్న కర్ర మార్చిన పాపం నా మీద ఉంది. దాన్నంతా ఆ కుర్రాడి మీద తీర్చుకున్నాను. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు. "అమ్మా" అని కూడా పూర్తిగా అనలేకపోయాడు.

తర్వాతది నీకు తెలుసు. ఖాళీ బండి కింద వదిలేసి, ఊరివాళ్లు పైకి చేరేలోపే పరిగెత్తుకొచ్చావు. నా చేతిలోంచి కత్తి లాక్కుని, "గుంటని సూసుకో. నోరు మెదపకు" అన్నావు. ఆ మాట పట్టుకుని ఎనిమిది నెలలు బతికాను. నేను నరికినప్పుడు కత్తి పిడి వదులై దాని తోక నా అరచేతిలో దిగింది, ఏడు కుట్లు పడ్డాయి. చెరకు నరుకుతూ కోసుకున్నానని చెప్పాను. ఆసుపత్రి చీటీ మీద ఆ రోజు తారీకే ఉంది. నీ చేతుల మీద గీత కూడా లేదు. లాయరు గారు మూడు గంటలు కూర్చోబెట్టారు గానీ నా అరచెయ్యి చూడాలని ఆయనకి తోచలేదు.

ఇవాళ పొద్దున్న బడి దగ్గర సమితి కూర్చుంది. మన్మథరావు మనిషి ఒకడు దూరంగా మోటార్‌సైకిల్ మీద కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు. నేను లేచి కర్ర సంగతి ముందు చెప్పాను, నరికిన సంగతి తర్వాత చెప్పాను. ఒకరిద్దరు నా మీదకి వచ్చారు. జోగులు పెళ్లాం నా మీద దుమ్మెత్తి పోసింది. ఆ మోటార్‌సైకిల్ వాడు దగ్గరికొచ్చి, "ఏటే, ఆడదానివని వదిలీమంటావా?" అని నా జబ్బ పట్టుకున్నాడు. అప్పుడు సోమలమ్మ మామ్మ లేచి కాపలా కర్రతో వాడి ముణుకు మీద ఒక్కటిచ్చింది. వాడు కుంటుకుంటూ పోయాడు. అంత బాధలోనూ నాకు నవ్వొచ్చింది.

తర్వాత పాత రాత కొట్టేసి కింద ఇలా రాశాను: "గంపలమెట్ట సర్కారు భూమి. అందులోని అడవి, మిగిలిన ఏడు గంపలు, పగిలిన నాలుగు గంపల ముక్కలు ఊరందరివీ, ఊరి తర్వాత వచ్చేవాళ్లవీ. దీని మీద రాయి కొట్టడానికి ఈ సమితి ఒప్పుకోదు. మా ప్రెసిడెంటు విడుదల కోసమైనా ఒప్పుకోదు." ఆ ఆఖరి వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. అరవై ఒక్క వేలిముద్రలు, సంతకాలు పడ్డాయి. మొదటిది మామ్మది. కోర్టులో తను చూసింది చూసినట్టు చెప్తానంది, రెండు దెబ్బలూ చెప్తానంది. చెప్పమన్నాను.

రేపు పొద్దున్న మొదటి బస్సుకి నర్సీపట్నం వెళ్తాను. ఈ ఉత్తరం అక్కడే పోస్టు చేసి, ఆసుపత్రి చీటీ పట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకి వెళ్తాను. మామ్మ తోడొస్తోంది. తాత మీద సుత్తి ఎత్తాడు కాబట్టి మొదటి దెబ్బకి కోర్టు ఏదో దారి చూడొచ్చేమో. రెండోదానికి ఎంత వేస్తే అంత ఉంటాను. అది నా వంతు.

దుర్గకి జడ ఎడమ పక్కన గట్టిగా లాగితే ఏడుస్తుంది, నువ్వు వదులుగా వెయ్యడం నేర్చుకో. అత్తమ్మకి వేడినీళ్ల కాపడం రోజూ పెట్టాలి. జీడి మొదళ్లకి చిగుళ్లు వచ్చాయి, మేకలు పడకుండా కంప వెయ్యి. దుర్గ నిన్ను అడుగుతుంది, నరికావా లేదా అని. లేదని చెప్పు. ఎవరు నరికారంటే అమ్మ అని చెప్పు, దాచకు.

నువ్వు ఇది చదివి ఎంత అరుస్తావో నాకు తెలుసు. నా బదులు నువ్వే చేశానని మళ్లీ చెప్పబోతావు. కానీ ఈ కాగితం నీ కంటే ముందు జైలరు గారు చదివేశారు బావా. ఈసారి నా చేతిలోంచి లాక్కోవడానికి నీకేమీ మిగల్చలేదు.

ఇట్లు,
నీ మరదలు, దుర్గ తల్లి,
రమేష్‌బాబుని నరికిన మనిషి,
ఝాన్సీలక్ష్మి.